గడువుకు ముందే మేలుకోవడం

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఏడాది పొడవునా జరిగే కార్యక్రమాలను వాటి హడావిడిని బట్టి అంచనా వేసే అలవాటు విద్యార్థుల్లో బలంగా ఉంది. ప్రధాన ద్వారం దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టిన సాంస్కృతికోత్సవం సంగతి తెలియనివారు ఉండరు గానీ, అదే వారంలో విభాగాధిపతి గది పక్కన నోటీసు బోర్డుకు ఒక మూల గుండుసూదితో గుచ్చిన వేసవి పరిశోధన ఫెలోషిప్ ప్రకటనను చివరిదాకా చదివినవారు తరగతికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఉత్సవం రెండు మూడు రోజుల్లో ముగిసిపోతుంది. ఫెలోషిప్ మాత్రం దేశంలోని ఒక పేరున్న ప్రయోగశాలలో రెండు నెలలు పనిచేసే వీలు కల్పించి, ఆ తర్వాతి చదువు దారినే మార్చగలదు. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదన ఇక్కడ అనవసరం, రెండూ ప్రాంగణ జీవితంలో భాగాలే. అయితే ఉత్సవానికి ఆ సాయంత్రం వెళ్లి నిలబడితే చాలుననీ, ఫెలోషిప్‌కు నాలుగైదు నెలల ముందే కదలాలనీ గుర్తించని విద్యార్థులు, ప్రతిభ ఉండి కూడా, అవకాశాలేవీ తమదాకా రాలేదన్న నమ్మకంతోనే పట్టా పుచ్చుకుని బయటపడతారు. ఎంపికలో ఓడిపోయినవారికంటే దరఖాస్తే పెట్టనివారు ఎప్పుడూ ఎక్కువ. కాబట్టి రాబోయే కార్యక్రమాన్ని ముందుగా పసిగట్టడం, దాని తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పనులు అమర్చుకోవడం, అన్నింటి వెంటా పరుగెత్తకుండా కొన్నింటిని వదిలేయడం ఎలాగన్నదే ఈ అధ్యాయంలో ప్రధానంగా చర్చకు వచ్చే విషయం.

అల్మనాక్ మీద మరో క్యాలెండర్

ప్రతి విశ్వవిద్యాలయమూ విద్యా సంవత్సరం మొదట్లో ఒక కాలపట్టికను విడుదల చేస్తుంది. అల్మనాక్ అని వ్యవహరించే ఈ పత్రంలో తరగతులు మొదలయ్యే రోజు, మిడ్ పరీక్షలు, ప్రయోగ పరీక్షలు, సెమిస్టర్ చివరి పరీక్షలు, దసరా, సంక్రాంతి సెలవుల వివరాలు ఉంటాయి. విద్యార్థుల్లో అత్యధికులు దీన్ని సెలవుల కోసం ఒకసారి చూసి పక్కన పెడతారు. అందులో తప్పేమీ లేదు గానీ, అల్మనాక్ చెప్పేది విశ్వవిద్యాలయం తన సొంత పని ఎప్పుడు చేసుకుంటుందో మాత్రమే. దేశంలోని ఇతర సంస్థలు విద్యార్థులను ఎప్పుడు పిలుస్తాయో అందులో ఉండదు. ఆ రెండో క్యాలెండర్‌ను విద్యార్థి తానే రాసుకోవాలి.

అలా రాసుకుంటే మొదట కనిపించే విషయం, ఆగస్టు నుంచి నవంబరు దాకా గడువులన్నీ ఒక్కచోట గుమిగూడడం. ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థులు ఎంటెక్ ప్రవేశాలకూ, కొన్ని ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలకూ రాసే గేట్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది గానీ, దానికి దరఖాస్తుల స్వీకరణ అంతకు ముందు ఏడాది ఆగస్టు ఆఖరు ప్రాంతంలోనే మొదలవుతుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకు నిర్వహించే జామ్ పరీక్ష కూడా ఫిబ్రవరిలోనే ఉన్నా, దాని దరఖాస్తుల కాలం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, న్యూఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్, అంటే ఒక శాస్త్రవేత్త దగ్గర సుమారు రెండు నెలలు భత్యంతో పనిచేసే పథకం, వేసవిలో అమలయ్యేదే అయినా దాని గడువు సాధారణంగా నవంబరుతో ముగుస్తుంది. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక అర్హతకూ, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కూ ప్రాతిపదిక అయిన నెట్ పరీక్ష ఏడాదికి రెండు విడతలుగా, జూన్, డిసెంబరు పేర్లతో జరుగుతుంది. ఆ ఫెలోషిప్ మొత్తం 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లకు నెలకు 37,000 రూపాయలు. ఇంట్లో నుంచి డబ్బు తెప్పించుకోలేని విద్యార్థికి పీహెచ్‌డీ చేయగలనా లేదా అన్నది తేల్చే అంకె ఇదే కనుక, దీన్ని ఎమ్మే, ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే తెలుసుకుని ఉండాలి.

ఈ గడువుల గుంపు సరిగ్గా మొదటి మిడ్ పరీక్షల మీదా, దసరా సెలవుల మీదా వచ్చి పడుతుంది. సెలవులకు ఊరెళ్లిన విద్యార్థి తిరిగి వచ్చేసరికి సగం గడువులు దాటిపోయి ఉండడం ఏటా జరిగే సంగతే. ఒక విధంగా చెప్పాలంటే వేసవి సెలవులు ఎలా గడవబోతున్నాయన్నది బతుకమ్మ, దసరా రోజుల్లోనే తేలిపోతుంది.

వెనక్కి లెక్కపెట్టడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూడవచ్చు. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని నవంబరు చివరన గడువు ఉన్న వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టాలనుకుంటే, దానికి మార్కుల వివరాలతో పాటు ఏ అంశం మీద పనిచేయదలచిందో తెలిపే చిన్న రచన, తనకు పాఠం చెప్పిన అధ్యాపకుల సిఫారసు లేఖ అవసరమవుతాయి. సిఫారసు లేఖ కోసం అధ్యాపకులకు కనీసం మూడు వారాల వ్యవధి ఇవ్వడం మర్యాద కాబట్టి, నవంబరు మొదటి వారానికల్లా ఆమె తన రచనను వారి చేతిలో పెట్టగలగాలి. ఆ రచనకు తిరగరాతలతో కలిపి రెండు వారాలు పడుతుంది గనుక అక్టోబరు నడుమ మొదలుపెట్టాలి. ఏ శాస్త్రవేత్తలు ఏమి చేస్తున్నారో చదవకుండా ఆ రచన సాధ్యం కాదు, కాబట్టి సెప్టెంబరు నెల ఆ చదువుకు పోతుంది. నోటీసు బోర్డుకు ప్రకటన ఎక్కే నాటికి ఆమె పని సగమైనా పూర్తయి ఉండాలన్నమాట. ప్రకటన చూశాక పని మొదలుపెట్టేవారు, చూడకముందే మొదలుపెట్టినవారితో పోటీపడుతున్నారన్న ఎరుక చాలామందికి లేదు. ఇలాంటి పథకాల తేదీలు ఏటా కొద్దిగా అటూ ఇటూ మారినా నెలలు సాధారణంగా మారవు. నిరుటి ప్రకటనను వెతికి చదివితే ఈ ఏటి ప్రకటన ఎలా ఉండబోతుందో చాలావరకు తెలిసిపోతుంది. అర్హతలను మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది సరిచూసుకోవాలి.

సర్క్యులర్ చదివే పద్ధతి

సర్క్యులర్ అంటే విశ్వవిద్యాలయ కార్యాలయం నుంచి కళాశాలలకూ, విభాగాలకూ వెళ్లే అధికారిక సమాచార పత్రం. దాని భాష పొడిగా, పాత తరహాలో ఉంటుంది కాబట్టి విద్యార్థులు శీర్షిక చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ ఫొటోను మళ్లీ తెరిచేది గడువు ముందు రోజు రాత్రి. అప్పుడుగానీ మూడో పేరాలో ఉన్న షరతు కంటపడదు.

సర్క్యులర్‌లో నాలుగు చోట్ల ఆగి చదవాలి. మొదటిది తేదీల భాగం: దరఖాస్తు పంపవలసిన చివరి తేదీకీ, అది అవతలి కార్యాలయానికి చేరవలసిన చివరి తేదీకీ తేడా ఉంటుంది, ఆన్‌లైన్‌లో నింపిన తర్వాత ముద్రించిన ప్రతిని పోస్టులో పంపాలన్న షరతు ఉంటే ఆ రెండో తేదీయే అసలు తేదీ. రెండోది వయసును, మార్కుల శాతాన్ని ఏ రోజు నాటికి లెక్కిస్తారన్న వాక్యం. మూడోది జతచేయవలసిన పత్రాల జాబితా. నాలుగోది ‘త్రూ ప్రాపర్ ఛానెల్’ అన్న మాట. దరఖాస్తు నేరుగా కాకుండా విభాగాధిపతి, ప్రిన్సిపాల్ సంతకాలతో వెళ్లాలని దీని భావం. ప్రిన్సిపాల్ సెలవులో ఉండవచ్చు, కార్యాలయంలో ముద్ర వేసే ఉద్యోగి ఆ పూట లేకపోవచ్చు, రెండో శనివారం అడ్డురావచ్చు. ఒక్క సంతకానికి నాలుగు పనిదినాలు పట్టడం ఏ కళాశాలలోనైనా వింత కాదు.

పత్రాల విషయంలో తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరుతోనే మొదలవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది, బ్యాంకు పాస్‌పుస్తకంలో అది చివరకు చేరుతుంది. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టే దరఖాస్తుల్లో ఏది ఎక్కడ రాయాలో తెలియక ఒక్కో పరీక్షకు ఒక్కో విధంగా నింపినవారు, ధ్రువపత్రాల పరిశీలన రోజున మూడు పేర్లూ ఒకరివేనని నిరూపించుకునే పనిలో పడతారు. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే ఆధారంగా తీసుకుని, మిగిలిన పత్రాలను దానికి అనుగుణంగా డిగ్రీ మొదటి ఏడాదిలోనే సరిచేయించుకోవడం మేలు. ఇది నెలల తరబడి సాగే పని, గడువు వారంలో తెమిలేది కాదు.

కుల ధ్రువపత్రాల విషయం ఇంకా సున్నితమైనది. రాష్ట్రంలో చెల్లే బీసీ ధ్రువపత్రం కేంద్ర సంస్థల దరఖాస్తులకు సరిపోదు. అక్కడ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం అడుగుతారు, అంటే కుటుంబం నిర్ణీత సంపన్న శ్రేణిలోకి రాదని తహసీల్దారు ఇచ్చే పత్రం. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ సంగతిని ముందే సరిచూసుకోవాలి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా పత్రం ఆర్థిక సంవత్సరానికి లోబడి ఉంటుంది; ఫిబ్రవరిలో తీసుకున్నది ఏప్రిల్‌లో మొదలయ్యే దరఖాస్తుకు పనికిరాకపోవచ్చు. మీసేవ కేంద్రంలో అర్జీ పెట్టిన నాటి నుంచి పత్రం చేతికి వచ్చేదాకా మధ్యలో విచారణ ఉంటుందన్నది మరవకూడదు. ఇవన్నీ వ్యక్తిత్వ వికాస పుస్తకంలో చెప్పదగిన విషయాలేనా అని కొందరికి అనిపించవచ్చు. ఆత్మవిశ్వాసం మీద నాలుగు గంటల ఉపన్యాసం విన్న విద్యార్థి కూడా తప్పు నమూనాలో ఉన్న ఒక్క ధ్రువపత్రం వల్ల సీటు కోల్పోగలడు కాబట్టి, చెప్పదగినవే.

ఉపన్యాస మందిరంలో

ప్రాంగణంలో అందరికీ ఉచితంగా దొరికి, అందరూ తేలిగ్గా తీసుకునే అవకాశం ఉపన్యాసం. మన విశ్వవిద్యాలయాల్లో స్మారకోపన్యాసాలు అన్న సంప్రదాయం ఉంది; ఒక దాత లేదా ఒక ఆచార్యుడి శిష్యులు కొంత మూలధనాన్ని విశ్వవిద్యాలయం దగ్గర జమచేస్తే, దానిపై వచ్చే వడ్డీతో ఏటా ఒక పండితుణ్ణి పిలిచి ప్రసంగింపజేస్తారు. ఇవిగాక జాతీయ సదస్సులు, కార్యశాలలు, ఫిబ్రవరి 28న జరిపే జాతీయ విజ్ఞాన దినోత్సవం ఉంటాయి. 1928లో సి.వి. రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన కాంతి పరిక్షేపణ ఫలితాన్ని కనుగొన్న రోజు కావడంతో ఆ తేదీన ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. హైదరాబాదులో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ అనే మూడు జాతీయ పరిశోధనశాలలు తార్నాక, హబ్సిగూడ ప్రాంతాల్లో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. వాటి మాతృసంస్థ అయిన సీఎస్‌ఐఆర్ స్థాపన దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో కూడా ఇలాంటి సందర్శనలు ఏర్పాటవుతుంటాయి. మూడేళ్లు ఆ దారిలోనే సిటీ బస్సులో తిరిగి, ఒక్కసారీ లోపలికి అడుగుపెట్టకుండా డిగ్రీ ముగించేవారు తక్కువేమీ కాదు.

అంతగా ఎవరూ గమనించని మరో అవకాశం పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష. వైవా అని పిలిచే ఈ పరీక్ష మన విశ్వవిద్యాలయాల్లో బహిరంగంగా జరుగుతుంది. అంటే పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథాన్ని బయటి నిపుణుడి ముందు సమర్థించుకుంటుంటే ఆ విభాగం విద్యార్థులు కూర్చుని వినవచ్చు. ఒక ప్రశ్నను నాలుగైదేళ్లు పట్టుకుని వేలాడిన మనిషి దాన్ని అరగంటలో ఎలా చెబుతాడో, తెలియనిదాన్ని తెలియదని ఎలా ఒప్పుకుంటాడో, నిపుణుడి అభ్యంతరానికి ఎక్కడ తలొగ్గి ఎక్కడ నిలబడతాడో చూడడం కంటే పరిశోధన గురించి మంచి పాఠం మరొకటి దొరకదు. పరిశోధనలోకి వెళ్లాలన్న ఆలోచన ఉన్నవారు ఏడాదికి రెండు వైవాలైనా చూడాలి.

సదస్సుల్లో పరిస్థితి వేరు. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, వేదిక మీది వారందరి తొలిపలుకులు ముగిసేసరికి అసలు వక్తకు మిగిలేది నలభై నిమిషాలు. హాలు నిండాలని తరగతులు రద్దుచేసి తీసుకొచ్చిన విద్యార్థులు వెనక వరసల్లో ఫోన్లు చూస్తూ భోజన విరామం కోసం ఎదురుచూస్తుంటారు. ఈ తంతు మార్చడం విద్యార్థి చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది ముందు రోజు ఒక గంట వెచ్చించి వక్త రాసిన ఒక వ్యాసమో, పుస్తకంలోని ఒక అధ్యాయమో చదివి, ముందు వరసలకు దగ్గరగా కూర్చుని, ఒక్క ప్రశ్న సిద్ధం చేసుకోవడం.

ఆ ప్రశ్న ఎలా ఉండాలన్నది కొంత వివరంగా చూడదగిన విషయం. ‘మీ ప్రసంగం అద్భుతంగా ఉంది సర్, యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి’ అన్న ప్రశ్న దాదాపు ప్రతి సభలోనూ వినిపిస్తుంది, దానికి వచ్చే జవాబు ఎవరికీ గుర్తుండదు. దానికి బదులు, కాకతీయుల కాలంనాటి నీటిపారుదలపై ఉపన్యాసం విన్న విద్యార్థి, ‘చెరువులు ఎవరు తవ్వించారో శాసనాల ఆధారంగా చెప్పారు సర్. తర్వాతి కాలంలో పూడిక తీయడం, కట్ట నిలబెట్టడం వంటి పనుల ఖర్చు ఎవరు భరించేవారో కూడా శాసనాల్లో ఆధారం దొరుకుతుందా’ అని అడిగితే, వక్త కళ్లద్దాలు సవరించుకుని అతనివైపు చూస్తాడు. మొదటి వాక్యం విన్నట్టు రుజువు చేస్తుంది, రెండోది ఆలోచించినట్టు తెలుపుతుంది, మూడోది అక్కర్లేదు. తేనీటి విరామంలో ఆ వక్త దగ్గరకు వెళ్లి పరిచయం చేసుకోవడానికి ఇంతకంటే సహజమైన సందర్భం ఉండదు.

ఇంగ్లీషు రాదన్న జంకుతో నోరు విప్పనివారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజినీరింగ్ సహా ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించింది; భారతీయ భాషలో శాస్త్రం మాట్లాడడం ఈ నేలకు కొత్త కాదు. తెలుగు తెలిసిన వక్తను తెలుగులోనే అడగవచ్చు. తెలియని వక్త అయితే ప్రశ్నను ముందే ఇంగ్లీషులో రెండు వాక్యాలుగా కాగితం మీద రాసుకుని చదవవచ్చు. అంతర్జాతీయ సదస్సుల్లో పెద్ద పెద్ద ఆచార్యులు కూడా కాగితం చూసే అడుగుతారు.

ఉత్సవాలు, పోటీలు

సాంస్కృతిక, సాంకేతిక ఉత్సవాల సంగతి విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరంగల్ ఎన్‌ఐటీలో టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ, హైదరాబాదు ఐఐటీలో ఎలాన్ అండ్ ఎన్‌విజన్, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సుకూన్ వంటివి చుట్టుపక్కల కళాశాలల నుంచి కూడా జనాన్ని రప్పిస్తాయి. వీటిలో ప్రేక్షకుడిగా గడిపితే దక్కేది వినోదం, అదీ అవసరమే. నిర్వాహకుడిగా పనిచేస్తే మాత్రం దక్కేది వేరు. స్పాన్సర్ల దగ్గరకు వెళ్లి కాదనిపించుకోవడం, పోలీసు అనుమతికి అర్జీ రాయడం, మైకు సెట్టు అద్దె తగ్గించమని బేరమాడడం, మిగిలిన బిల్లులకు లెక్క చెప్పడం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. మూడేళ్ల డిగ్రీలో ఒక్క ఉత్సవానికైనా లెక్కల బాధ్యత నెత్తికెత్తుకోవడం మంచిది. ప్రతి ఏడాదీ ప్రతి కమిటీలోనూ ఉండడం మంచిది కాదు. సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో హాజరు 75 శాతం ఉండాలన్న నియమం ఉంది, 65కూ 75కూ మధ్య పడితే కండొనేషన్ రుసుము కట్టి అనుమతి తెచ్చుకోవాలి, అంతకంటే తగ్గితే సెమిస్టరే పోతుంది. ఉత్సవ కమిటీ సర్టిఫికెట్ ఆ సెమిస్టర్‌ను తిరిగి తెచ్చిపెట్టదు.

భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే యువజనోత్సవాలకు మాత్రం రావలసినంత ప్రచారం రావడం లేదు. 1925లో ఏర్పడిన ఈ సంఘం సంగీతం, నృత్యం, సాహిత్యం, రంగస్థలం, లలితకళలు అనే ఐదు విభాగాల్లో పోటీలు నడుపుతుంది. విశ్వవిద్యాలయ స్థాయిలో గెలిచినవారు మండల స్థాయి పోటీలకూ, అక్కడ నెగ్గినవారు జాతీయ స్థాయికీ వెళతారు. పాటకూ, నృత్యానికీ పేర్లు ఇచ్చేవారు బారులు తీరుతారు గానీ, మూకాభినయం, మట్టిబొమ్మలు, వ్యంగ్యచిత్రం, కొలాజ్, అంటే కాగితపు ముక్కలు అతికించి చిత్రం కట్టడం వంటి అంశాలకు కళాశాలలు మనుషులను వెతుక్కోవలసి వస్తుంది. తన కళకు ఏ వేదికా లేదని అనుకునే పల్లెటూరి విద్యార్థికి అసలైన చోటు అక్కడే ఉండవచ్చు.

2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మరో రకం పోటీ. హ్యాకథాన్ అంటే ఇచ్చిన సమస్యకు నిర్ణీత గంటల్లో పనిచేసే పరిష్కారం తయారుచేయడం. ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ నిజమైన సమస్యలను ముందుగా ప్రకటిస్తాయి, జట్టులో ఆరుగురు ఉండాలి, వారిలో కనీసం ఒక అమ్మాయి ఉండాలి, సాఫ్ట్‌వేర్ విభాగం తుదిపోటీ 36 గంటలు నిరవధికంగా సాగుతుంది. ఆరుగురూ కోడ్ రాసేవారే అయిన జట్లు తరచూ తడబడతాయి. సమస్యను వివరించగలిగేవారు, సమస్య అనుభవించే రైతుతోనో ఆసుపత్రి సిబ్బందితోనో మాట్లాడి రాగలిగేవారు జట్టులో ఒకరైనా ఉండాలి కాబట్టి, సామాజిక శాస్త్రాల విద్యార్థికి కూడా ఇక్కడ పని ఉంది. జట్టు కట్టేటప్పుడు స్నేహాన్ని చూసి ఆరుగురిని ఎంచుకోవడం పోటీకీ స్నేహానికీ కూడా మంచిది కాదు.

సేవ, శిబిరం, ఇంటర్న్‌షిప్

జాతీయ సేవా పథకం గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక గ్రామంలోనో బస్తీలోనో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దీని నియమాలు. 1948లో ఏర్పడిన ఎన్‌సీసీలో సి సర్టిఫికెట్‌ను కనీసం బి గ్రేడుతో పొంది, డిగ్రీలో 50 శాతం మార్కులు తెచ్చుకున్నవారికి సైన్యంలో అధికారి ఉద్యోగానికి రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూ దశకు వెళ్లే ప్రత్యేక ప్రవేశ మార్గం ఉంది. చేరవలసింది మాత్రం డిగ్రీ మొదటి ఏడాదిలోనే. మూడో ఏడాదిలో ఈ మార్గం గురించి తెలుసుకున్నవారికి అది తెలిసినా తెలియనట్టే.

ఇంటర్న్‌షిప్‌ల విషయంలో ఆంధ్రప్రదేశ్ అనుభవం గమనించదగినది. అక్కడ 2020-21లో అమల్లోకి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసి, మొదటి ఏడాది తర్వాత సమాజ సేవా ప్రాజెక్టును అందులో భాగం చేసింది. ఆలోచన మంచిదే. అయితే అవకాశం తప్పనిసరి నియమంగా మారిన చోటల్లా దాని నకలు అమ్మే దుకాణాలు పుట్టుకొస్తాయి. రుసుము కడితే చాలు, ఒక్కరోజూ పనిచేయకుండానే పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల ప్రకటనలు విద్యార్థుల ఫోన్లకు రోజూ వస్తున్నాయి. పని ఇచ్చేవాడు పనిచేసేవాడి దగ్గర డబ్బు అడిగితే అక్కడ పని లేదనే అర్థం. సొంత మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగుల నమోదు పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో సాయపడిన విద్యార్థి, పేరుమోసిన నగర సంస్థ నుంచి ఉత్తుత్తి కాగితం తెచ్చుకున్న విద్యార్థి ఒకే ఇంటర్వ్యూకు వెళితే, రెండో ప్రశ్నకే ఎవరు ఎవరో తేలిపోతుంది.

ఆన్‌లైన్ కోర్సుల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. 2017లో ప్రారంభమైన స్వయం వేదికలో జనవరి, జూలై నెలల్లో కొత్త కోర్సులు మొదలవుతాయి. ఒక సెమిస్టర్‌లోని పాఠ్యాంశాల్లో 40 శాతం దాకా ఈ మార్గంలో చదివే వీలును యూజీసీ 2021 నిబంధనలు కల్పించాయి. తన విశ్వవిద్యాలయం ఆ క్రెడిట్లను ఏ మేరకు స్వీకరిస్తుందో నమోదుకు ముందే పరీక్షల విభాగంలో అడిగి తెలుసుకోవాలి, తర్వాత అడిగితే ప్రయోజనం లేదు. ఒకేసారి ఐదింటిలో చేరి ఒక్కటీ ముగించనివారికంటే ఒక్కదాన్ని పరీక్షదాకా తీసుకెళ్లినవారే నయం.

ఏది వదిలేయాలి

ఇన్ని అవకాశాలను ఒకచోట చేర్చి చూసిన విద్యార్థికి కలిగే మొదటి భావం కంగారు. ఆ కంగారులో అన్నిటికీ పేరు ఇచ్చి, అన్ని వాట్సాప్ గ్రూపుల్లో చేరి, దేనికీ సిద్ధం కాకపోవడం పూర్తిగా నిద్రపోవడం కంటే పెద్ద మెరుగేమీ కాదు. సెమిస్టర్‌కు ఒక పెద్ద ప్రయత్నం, అంటే నెలల సన్నాహం కోరే ఫెలోషిప్ లేదా జాతీయ పరీక్ష వంటిది ఒకటి. ఒక చిన్న ప్రయత్నం, అంటే ఒక పోటీ లేదా సదస్సులో ఒక పత్ర సమర్పణ. నెలకు ఒక ఉపన్యాసం: సగటు విద్యార్థికి ఇంతకు మించి మోయడం కష్టం. ఇంటి దగ్గర వ్యవసాయం పనులో, సాయంత్రం పూట ట్యూషన్లు చెప్పుకుని ఫీజు కట్టుకునే అవసరమో ఉన్న విద్యార్థి చిన్న ప్రయత్నాన్ని కూడా వదులుకోవచ్చు. పెద్దదాన్ని మాత్రం వదులుకోకూడదు, భత్యమో ఉపకార వేతనమో ఇచ్చేది చాలాసార్లు అదే.

సిఫారసు లేఖ అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. రెండేళ్లు చివరి బల్లలో కూర్చున్న విద్యార్థి గడువు ముందు రోజు అధ్యాపకుడి గది ముందు నిలబడితే, ఆ అధ్యాపకుడు రాయగలిగేది మంచి నడవడిక అన్న రెండు మాటలే. దరఖాస్తు ప్రకటన నకలు, తన మార్కుల పట్టిక, తాను రాసిన ప్రతిపాదన, ఆ అధ్యాపకుడి తరగతిలో తాను చేసిన ఒక పని గురించిన నాలుగు వాక్యాలు, గడువు తేదీ స్పష్టంగా రాసిన కాగితం ఒక కవరులో పెట్టి ఇస్తే లేఖ స్వరూపమే మారిపోతుంది. ఫలితం వచ్చాక, అది ఏదైనా సరే, ఆ అధ్యాపకులకు తెలియజేయాలి. ఎంపిక కాలేదని చెప్పడానికి సిగ్గుపడి ముఖం చాటేసేవారే ఎక్కువ, అందువల్ల మరుసటి ఏడాది మళ్లీ అడగలేకపోతారు.

కార్యక్రమం ముగిసిన వారంలోనే దానికి సంబంధించిన ప్రకటన, దరఖాస్తు నకలు, తాను రాసిన ప్రతిపాదన, వచ్చిన జవాబు, గడువు తేదీలను ఒక దస్త్రంలో భద్రపరచాలి. నిరుపేద కుటుంబం నుంచి, ఇంట్లో అంతకుముందు ఎవరూ డిగ్రీ చదవని నేపథ్యం నుంచి వచ్చే విద్యార్థులకు ఈ సమాచారం చెప్పే బంధువు గానీ, అన్నయ్య గానీ ఉండరు. జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న డిగ్రీ కళాశాలలకు చాలా సర్క్యులర్లు గడువు దాటాకనే చేరతాయి. అందువల్ల ఈ పుస్తకం చదువుతున్న ప్రతి విద్యార్థీ తన దస్త్రాన్ని చదువు ముగిసిన రోజున అటకెక్కించకుండా, ఆగస్టు రాకముందే తన పాత కళాశాలకు వెళ్లి మొదటి ఏడాది విద్యార్థులకు అందజేయాలి. వీలైతే ఒక పూట వారితో కూర్చుని, ఏ పత్రం ఎక్కడ దొరుకుతుందో, ఏ సంతకానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పి రావాలి.